గొడార్డ్ తొలి ద్రవ ఇంధన రాకెట్ ఫోటోను చదవడం ఎలా

అమెరికా రాకెట్ శాస్త్రవేత్త రాబర్ట్ గొడార్డ్ తన రాకెట్ పక్కన మంచులో నిలబడిన ఫోటోను రాకెట్ల చరిత్ర చదివినవారు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. అది 1926 మార్చి 16న, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, ఆబర్న్ ఊరి పొలంలో తీసింది. చిక్కేమిటంటే, అందులో రాకెట్ ఏదో మొదటి చూపుకు అంతుపట్టదు.

ముందుగా నిచ్చెనలా కనిపించే ప్రయోగ చట్రాన్ని లెక్కలోంచి తీసేయాలి. అది నేలమీదే ఉండిపోయే భాగం. దాని లోపల నిలబెట్టిన, సుమారు 3 మీటర్ల పొడవున్న సన్నని గొట్టాల అమరికే రాకెట్.

ఇప్పుడు చూపును పైనుంచి కిందికి దించాలి. అలవాటుకొద్దీ ఇంజను అడుగున ఉంటుందనుకుంటే ఫోటో మొత్తం తలకిందులుగా అర్థమవుతుంది. పైకొసన ఉన్న చిన్న స్తూపమే ఇంధనం మండే దహన గది, మంట బయటికి వచ్చే దాని కింది మూతి నాజిల్. అక్కడినుంచి ఇరువైపులా దిగిన గొట్టాలు అడుగున ఉన్న పెట్రోలు, ద్రవ ఆక్సిజన్ ట్యాంకులను ఇంజనుకు కలుపుతాయి. అంటే మంట సరిగ్గా ట్యాంకుల మీదికే వస్తుంది. అందుకే ట్యాంకుల పైన శంకువు ఆకారపు కవచం కనిపిస్తుంది. ఆ టోపీని గుర్తుపట్టగలిగితే ఫోటో సగం చదివినట్టే.

ఇంజనును పైన పెడితే, వెనక వేలాడే బరువును లాగుతూ రాకెట్ నిటారుగా పోతుందని అప్పట్లో అనుకునేవారు. అది పొరపాటు. ఇంజను రాకెట్‌కే బిగించి ఉంటుంది కనుక, రాకెట్ ఒరిగితే తోపుడు దిశ కూడా దానితోపాటే ఒరుగుతుంది. పైన ఉన్నా కింద ఉన్నా తేడా లేదు. గొడార్డ్ ఆ తర్వాత ఇంజనును అడుగుకు మార్చాడు. అయితే దారి తప్పకుండా నిలిపే పని గైరోస్కోపుది, అంటే వేగంగా తిరుగుతూ తన దిశను నిలుపుకునే చక్రంతో పనిచేసే పరికరానిది; 1935 మార్చి 28న గైరోస్కోపుతో నడిచిన ఆయన రాకెట్ సుమారు 1,460 మీటర్ల ఎత్తుకు చేరింది.

ఈ ఫోటోలో పంపు కోసం వెతకనక్కరలేదు, లేదు. ఇంధనాన్ని ఇంజనులోకి తోసింది ఆక్సిజన్ ఒత్తిడి. మొదట బయటి సిలిండరునుంచి గొట్టం ద్వారా ఆ ఒత్తిడి అందింది. తర్వాత మైనస్ 183 డిగ్రీల దగ్గర మరిగే ద్రవ ఆక్సిజన్‌ను చిన్న ఆల్కహాలు దీపంతో వేడిచేయడం వల్ల పుట్టిన ఆవిరి ఆ పని చేసింది. అంత చల్లని ద్రవం, దాని కింద దీపం, పైన మంట!

ఆ తర్వాత అంకెలను ఫోటోకు జోడించాలి. పొడవాటి కర్రకు కట్టిన బ్లోటార్చితో సహాయకుడు నిప్పంటించాక రాకెట్ వెంటనే లేవలేదు. తోపుడు బలం బరువుకంటే తక్కువగా ఉండడంతో, కొంత ఇంధనం ఖర్చయి బరువు తగ్గేదాకా అది చట్రంలోనే గర్జిస్తూ నిలబడింది. ఎగిరింది 2.5 సెకన్లు, ఎత్తు 12.5 మీటర్లు, పడిన దూరం 56 మీటర్లు. దూరాన్ని సమయంతో భాగిస్తే సెకనుకు 22 మీటర్లు, అంటే గంటకు 80 కిలోమీటర్లు వస్తుంది. వంపు దారి పొడవు ఇంకా ఎక్కువ కనుక అసలు సగటు వేగం దీనికి పైమాటే.

చివరగా, ఇది ప్రయోగానికి ముందు తీసిన ఫోటో అని గుర్తుంచుకోవాలి. ఆయన భార్య ఎస్తర్ చేతిలోని కదిలే బొమ్మల కెమెరా ఒకసారి కీ ఇస్తే 7 సెకన్లే తిరిగేది. రాకెట్ లేవడానికి తీసుకున్న వ్యవధిలోనే అది ఆగిపోయింది. కాబట్టి ఆ రోజు గాలిలో ఎగురుతున్న రాకెట్ అంటూ ఏదైనా బొమ్మ కనిపిస్తే, అది మరో ప్రయోగానిదో, చిత్రకారుడు ఊహించి గీసిందో అయి ఉండాలి.