డెల్టా మట్టిలో ఫౌంటెన్ గ్రాస్ పెంచడం

సజ్జ కంకి సన్నబడి, పట్టుకుచ్చులా మెత్తబడితే ఎలా ఉంటుందో అందం కోసం పెంచే ఫౌంటెన్ గ్రాస్ అనే గడ్డి కంకి అలా ఉంటుంది. నిజానికి సజ్జకీ, పాడి పశువులకు వేసే నేపియర్ గడ్డికీ ఇది దగ్గరి చుట్టమే. పుట్టిల్లు ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియాల్లోని పొడి నేలలు. ఎండకు భయపడదు, నాలుగు రోజులు నీళ్లు మరిచిపోయినా తట్టుకుంటుంది. మొక్క మొదలు దగ్గర నీరు నిలిస్తే మాత్రం బతకదు. గోదావరి డెల్టాలో ఈ మొక్క చచ్చిపోయిందంటే నూటికి తొంభై పాళ్లు కారణం అదే.

కొనేటప్పుడు ఊదారంగు ఆకుల రకమే తీసుకోండి. రూబ్రమ్ అంటారు. మూడు నాలుగు అడుగులు పెరుగుతుంది. దీనికి మొలిచే గింజ దాదాపు పట్టదు, పిలకలు విడదీసే పెంచాలి. పచ్చ ఆకుల రకం సంగతి వేరు. గింజలు గాలికి ఎగిరి ఎక్కడ పడితే అక్కడ మొలుస్తాయి. హవాయి దీవుల్లో ఇలాగే కొండలకు కొండలు ఆక్రమించి, ఎండిపోయి, మంటలకు మేత అయింది. యూరోపియన్ యూనియన్ 2017లో దీన్ని హానికర జాతుల జాబితాలో చేర్చి అమ్మకం, పెంపకం ఆపేసింది. మన కాలువ గట్లకూ రైలు కట్టలకూ ఆ కలుపు అంటగట్టే పని పెట్టుకోవద్దు. ఇప్పటికే పచ్చ రకం ఉంటే కంకులు గోధుమరంగుకు తిరగకముందే కోసి కాల్చేయండి.

కడియపులంక వైపు నర్సరీల్లో మొక్క ఎంచేటప్పుడు ఆకుల రంగు ఒక్కటే చూడకండి. షేడ్‌నెట్ కింద ఉన్నది కాస్త పచ్చబారే ఉంటుంది, ఎండలో పెడితే రంగు తిరుగుతుంది. దుబ్బు మొదలు వేళ్లతో నొక్కి చూడండి, గట్టిగా ఉండాలి. మెత్తగా నొక్కుకుపోయినా, కుళ్లు వాసన వచ్చినా వదిలేయండి. అంచుల్లో కొత్త పిలకలు రెండు మూడైనా కనబడాలి. ఇంటికి తెచ్చాక వారం రోజులు పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోట ఉంచి, ఆ తర్వాత నాటండి.

చోటు విషయంలో రాజీ వద్దు. రోజుకు ఆరు గంటల ఎండ పడాలి. కొబ్బరితోట నీడలో నాటితే ఊదా రంగు వెలిసిపోయి, ఆకులు సాగి, కంకులు వేయడం మానేస్తుంది. చోటు కుదిరాక నేలను పరీక్షించండి. అడుగు లోతు గొయ్యి తీసి నిండా నీళ్లు పోయండి. అవి ఇంకిపోయాక మళ్లీ నింపండి. రెండోసారి పోసినవి నాలుగు గంటల తర్వాత కూడా మిగిలితే అక్కడ మడి ఎత్తు చేయాల్సిందే. లంకల్లోని ఇసుక కలిసిన ఒండ్రులో ఈ బాధ లేదు, నల్ల బంకమట్టిలో తప్పదు.

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. బంకమట్టిలో లోతుగా గొయ్యి తీసి, ఇసుకా ఎరువూ కలిపి నింపి నాటుతారు. చుట్టూ మట్టి నీరు పీల్చదు కాబట్టి వానలో ఆ గొయ్యి తొట్టిగా మారి, వేళ్లు అందులో నానిపోతాయి. అడుగున కంకర పోసినా లాభం లేదు, బయటికి దారి లేకపోతే నీరు కంకరలోనే నిలుస్తుంది. కిందికి తవ్వడం కాదు, పైకి కట్టాలి. మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తు మడి వేయండి. లంక మట్టి రెండు పాళ్లు, గోదావరి ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు అరపాలు సరిపోతాయి. మడి పక్కన బోదె తీసి నీరు డ్రెయిన్ వైపు వాలేలా చూడండి.

నాటడానికి ఫిబ్రవరి మంచిది, తప్పితే తొలకరి. రోహిణి కార్తెలోనూ, తుపాన్ల అక్టోబరు, నవంబరుల్లోనూ వద్దు. మొక్కకూ మొక్కకూ రెండున్నర అడుగులు వదలండి. ఇప్పుడు బోసిగా అనిపించినా ఏడాదిలో కమ్ముకుంటుంది. కవరు చించాక చుట్టుకున్న వేళ్లను విడదీసి, దుబ్బు మొదలు మడి మట్టానికి అంగుళం పైకే ఉండేలా నిలబెట్టండి. మొదలు చుట్టూ మట్టి ఎగదోయకూడదు.

మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు నీళ్లు పెట్టండి. వేరు పట్టాక రెండంగుళాల లోతున మట్టి పొడిగా తగిలితేనే పోయాలి. మండు వేసవిలో వారానికి రెండుసార్లు, ముసురు రోజుల్లో అసలే వద్దు. వేసవికి కొబ్బరి డొక్కలు పరిస్తే తేమ నిలుస్తుంది, కానీ మొదలుకు నాలుగంగుళాల దూరంలో ఆపేసి, వానలు మొదలవగానే తీసేయండి. ఎరువు ఏడాదికోసారి, కోత తర్వాత రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు చాలు. వరికి వేసిన చేత్తో దీనికీ యూరియా చల్లితే ఆకు ఏపుగా వచ్చి గాలికి పడిపోతుంది.

కోత సంక్రాంతి వెళ్లాక. జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి మధ్యలోపు, చలి సడలి ఎండ పుంజుకునే వేళ చేయాలి. దుబ్బును నడుము దగ్గర తాడుతో బిగించి కట్టి, నేలకు ఆరంగుళాల ఎత్తున పదునైన కొడవలితో కోయండి. కట్ట కట్టినట్టే చేతికొస్తుంది, పెరడంతా చెత్త కాదు. ఆకు అంచులు గీరుకుంటాయి, చేతులకు తొడుగులు వేసుకోండి. వానాకాలంలో మాత్రం మట్టంగా కోయకూడదు. కోసిన మోళ్లలోకి నీరు దిగి కుళ్లు మొదలవుతుంది.

రెండు మూడేళ్లకు దుబ్బు నడుమ భాగం ఎండి బోలుగా అవుతుంది. అది తెగులు కాదు, విడదీయాల్సిన వేళ వచ్చిందని అర్థం. కోత అయిన వెంటనే గునపంతో చుట్టూ లేపి, పదునైన పారతో నాలుగు ముక్కలు చేయండి. ఒక్కో ముక్కకు ఐదారు పిలకలు, వాటికి వేళ్లు ఉండాలి. ఎండిన నడుమ భాగం పారేసి, మిగతావి అదే రోజు నాటేయండి. ఒంటి పిలక నాటితే చాలాసార్లు బతకదు.

ఆకుల మీద నారింజరంగు పొడి వేలికి అంటితే తుప్పు తెగులు. ముసురులో గాలి ఆడని గుబుర్లకు వస్తుంది. పట్టిన ఆకులు కోసి కాల్చి, నీళ్లు పొద్దున్నే, మొక్క మొదలు దగ్గర మాత్రమే పోయండి. ఆకు మొదళ్ల సందుల్లో తెల్లటి దూది, చీమల బారు కనిపిస్తే పిండినల్లి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆ సందుల్లోకి దిగేలా కొట్టండి. వారం తర్వాత మళ్లీ ఒకసారి.

వానాకాలంలో ఆకులు పసుపెక్కితే మందులు కొనకముందు మొదట్లో వేలు పెట్టి చూడండి. బురదగా ఉంటే ముందు బోదె తవ్వాలి. వేసవిలో ఆకు కొనలు మాడితే మాత్రం నీటిని అనుమానించండి. కాలువలు కట్టేసిన రోజుల్లో అంతర్వేది, ఓడలరేవు వైపు ఊళ్లలో బోరు నీరే గతి, అది ఉప్పగా ఉంటుంది. అలాంటి చోట వానకు పట్టిన నీళ్లు ఉంటే పదిహేను రోజులకోసారి మడి నిండా పారేలా పోసి, ఉప్పును కిందికి కడిగేయండి. ఆ నీళ్లూ లేకపోతే అడుగున మూడు నాలుగు చిల్లులున్న 14 అంగుళాల కుండీలో పెంచడం నయం.