ఎండాకాలంలో పెరటి ఫీడర్: పిట్టలకు ఏం పెట్టాలి, ఏం గమనించాలి

ఎండాకాలంలో గింజల కంటే ముందు నీళ్ళు పెట్టండి. పురుగులే తిని బతికే పిట్టలు ఫీడర్ (గింజలు వేసే ట్రే) వైపు చూడనైనా చూడవు గానీ, తాగడానికీ స్నానానికీ దిగుతాయి.

నీళ్ళ పళ్ళెం వెడల్పుగా ఉండాలి. అంచుల దగ్గర లోతు రెండు సెంటీమీటర్లు, మధ్యలో ఐదుకు మించకూడదు. అడుగు నున్నగా ఉంటే కాళ్ళు జారతాయని పిట్టలు దిగవు. గులకరాళ్ళు పరిచి, ఒకటి రెండు నీటిపైకి కనిపించేలా ఉంచండి. లోహపు పళ్ళెం ఎండకు కాలుతుంది, మట్టిదైతే మేలు. రోజూ పొద్దున్నే పాత నీళ్ళు పారబోసి, రెట్టలు పోయేలా బ్రష్షుతో రుద్ది, మళ్ళీ నింపాలి. రోజూ మారిస్తే దోమల బెడదా ఉండదు.

ఫీడర్‌ను నీడలో, నేలకు మీటరున్నర ఎత్తున కట్టండి. పొదకు ఆనుకుని ఉంటే పిల్లి మాటేస్తుంది, మరీ దూరమైతే డేగ వచ్చినప్పుడు దాక్కునే దారుండదు. మూడు మీటర్ల ఎడం సరిపోతుంది. కిటికీ అద్దంలో కనబడే చెట్టును నిజమనుకొని పిట్టలు ఢీకొంటాయి. కాబట్టి ఫీడర్ కిటికీకి మీటరు లోపైనా ఉండాలి, పది మీటర్ల అవతలైనా ఉండాలి. దగ్గరగా ఉంటే గుద్దుకునేంత వేగం అందుకోలేవు.

చిరుధాన్యాలు, పొద్దుతిరుగుడు గింజలు ఒక్క పూటకు సరిపడా వేయండి, చాలు. నింపి వదిలేస్తే తడికి బూజు పడుతుంది, ఆ బూజులోని విషం పిట్టల ప్రాణం తీయగలదు. ట్రే అడుగున నీరు కారిపోయే రంధ్రాలుండాలి. వేరుశనగపప్పు వేస్తే నలగ్గొట్టి, ఉప్పు లేకుండా వేయండి. పెద్ద పలుకు గూట్లో పిల్లల గొంతుకు అడ్డం పడుతుంది. కొవ్వు ముద్దలు ఈ కాలానికి పనికిరావు, కరిగి ఈకలకు అంటుకుంటాయి. చీమలు రాకుండా కర్రకు నూనె, గ్రీజు పూయడమూ అందుకే తప్పు. వేలాడదీసే తీగ మధ్యలో చిన్న నీళ్ళ గిన్నె అమర్చితే చీమలు దాటలేవు.

చూడ్డానికి తెల్లవారిన తర్వాత మొదటి రెండు గంటలు, మళ్ళీ పొద్దు వాలే వేళ మంచివి. కొత్త ఫీడర్‌కు అలవాటు పడటానికి కొన్ని వారాలైనా పట్టవచ్చు, ఈలోగా చోటు మార్చకండి. మీరూ రోజూ ఒకే చోట, కదలకుండా కూర్చోండి. బైనాక్యులర్ కొనేట్టయితే 8x42 రకం చాలు. 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. అంతకంటే ఎక్కువ రెట్లయితే చెయ్యి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది.

పేరు తెలుసుకునే తొందరలో చాలామంది నడవడిక చూడరు. పిచ్చుక నీళ్ళు ముక్కుతో అందుకొని, తల పైకెత్తి మింగుతుంది. పావురం, గువ్వ తల ఎత్తకుండానే పీల్చేస్తాయి. గింజ దగ్గరా అంతే: పావురం గుటుక్కున మింగేస్తే, పిచ్చుక ముక్కు అంచుల మధ్య దొర్లించి, పొట్టు జారవిడిచి, పప్పు మాత్రమే తింటుంది. అందుకే నిండుగా కనిపించే ట్రేలో ఒక్కోసారి ఉన్నదంతా పొట్టే. ఊది చూసి కొత్తవి వేయండి. తల్లి అంత ఉండీ రెక్కలు వణికిస్తూ నోరు తెరిచే పిట్ట కనిపిస్తే, అది గూడు వదిలిన పిల్ల. ముక్కు మూలల్లో పసుపుపచ్చ అంచు ఇంకా పోయుండదు.

ఎండలో పిట్ట నోరు తెరిచి గొంతు ఆడిస్తుంటే ఒళ్ళు చల్లబరచుకుంటోందని అర్థం. నీడలో కూడా ఈకలు ఉబ్బించుకొని, మనిషి దగ్గరకెళ్ళినా ఎగరకపోతే జబ్బు చేసినట్టే అనుకోండి. ఇలాంటి రోగాలు ఫీడర్ మీది రెట్టల నుంచి, ఎంగిలి నుంచి అంటుకుంటాయి. మామూలుగానైతే వారానికోసారి సబ్బుతో కడిగి, ఒక వంతు ద్రవ బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి పది నిమిషాలు నానబెట్టి, బాగా జాడించి, పూర్తిగా ఆరాకే గింజలు వేయాలి. జబ్బు పిట్ట కనిపిస్తే ఫీడర్, నీళ్ళ పళ్ళెం రెండూ అదేవిధంగా శుభ్రం చేసి రెండు వారాలు లోపల పెట్టేయండి. గుంపు చెదిరిపోతే జబ్బు ఒకదాన్నుంచి ఒకదానికి పాకడం తగ్గుతుంది.