వీఆర్ హెడ్‌సెట్, మన పీసీ - 3: వైఫైలో బొమ్మ ఆగి ఆగి వస్తుంటే

గత పాఠంలో క్వెస్ట్ హెడ్‌సెట్‌ని కేబుల్‌తో పీసీకి కలిపాం. ఇప్పుడు కేబుల్ తీసేసి ఎయిర్ లింక్‌తో, అంటే పీసీ బొమ్మని వైఫై మీద హెడ్‌సెట్‌కి పంపే పద్ధతిలో, ఆడదాం. కేబుల్ మీద సాఫీగా నడిచిన గేమ్ వైఫైలో ఆగి ఆగి వస్తుంటే గ్రాఫిక్స్ కార్డుని అనుమానించకండి. తేడా దారిలోనే ఉంది.

చాలామంది ముందుగా చేసే పని నెట్ ప్లాన్ పెంచడం. దండగ. బొమ్మ పీసీ నుంచి రూటర్‌కి, అక్కడినుంచి హెడ్‌సెట్‌కి ఇంట్లోనే తిరుగుతుంది. ఆ డబ్బుతో మంచి ల్యాన్ కేబుల్ కొనండి. పీసీ కూడా వైఫైలోనే ఉంటే అదే బొమ్మ గాలిలో రెండుసార్లు ప్రయాణించాలి. 90 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 90 బొమ్మలు (ఫ్రేములు) వచ్చేటప్పుడు, ఒక్కో ఫ్రేముకి దొరికేది 11 మిల్లీసెకన్లే. ఆలస్యమైన ఫ్రేము పోయినట్టే, కళ్ళు తిరిగేదీ అందుకే.

తిరుపతి అద్దె ఇళ్ళలో రూటర్ హాల్లో, పీసీ లోపలి గదిలో ఉండటం మామూలే. గోడ వెంట క్యాట్ 6 కేబుల్ లాగండి. తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ తెరిచి లింక్ స్పీడ్ చూడండి. 1000/1000 (గిగాబిట్) ఉండాలి. 100/100 ఉంటే కేబుల్ క్లిప్పుని వెలుతురుకి ఎత్తి పట్టి, ఎనిమిది తీగలూ ముందు అంచుదాకా వచ్చాయేమో చూడండి. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి, 100కి నాలుగు చాలు. అందుకే ఒక తీగ సరిగ్గా కూర్చోకపోయినా నెట్ బాగానే వస్తుంది, లోపం ఎవరికీ తెలియదు. కొత్త క్లిప్పు వేయించండి. అప్పటికీ మారకపోతే రూటర్‌లో వేరే పోర్టుకి పెట్టండి. కొన్నింటిలో ఒక్క పోర్టే గిగాబిట్.

ఇక రూటర్ సెట్టింగ్స్ పేజీలో 2.4, 5 గిగాహెర్ట్జ్ వైఫైలకి వేర్వేరు పేర్లు పెట్టి, హెడ్‌సెట్‌ని 5కే కలపండి. ఛానల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్. కొర్లగుంట, బైరాగిపట్టెడ లాంటి చోట్ల ఇల్లు ఇంటికి ఆనుకుని ఉంటుంది, పక్కింటి రూటర్లూ అదే ఛానల్‌లో ఉండొచ్చు. ఛానల్ 36లో ఇబ్బందిగా ఉంటే 149కి మార్చి చూడండి. ఆడేది మాత్రం రూటర్ ఉన్న గదిలోనే. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడ దాటితే బాగా తగ్గిపోతుంది. ఎయిర్ లింక్ బిట్‌రేట్ (సెకనుకి పంపే డేటా) 80 నుంచి 100 ఎంబీపీఎస్‌ మధ్య మొదలుపెట్టి, ఆగకుండా వస్తేనే పెంచండి.

బొమ్మ బాగుండి చేతులు మాత్రం వణుకుతుంటే అది వైఫై తప్పు కాదు, ట్యూబ్‌లైటు మినుకు కావచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్. హెడ్‌సెట్ సెట్టింగ్స్‌లో ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీని ఆటో నుంచి 50కి మార్చండి.

వచ్చే పాఠం: స్టీమ్‌వీఆర్ సెటప్.