పిల్లలకు యాంటీబయాటిక్ డ్రై సిరప్ ఎలా కలపాలి, ఎలా పట్టాలి?

పిల్లల యాంటీబయాటిక్‌లు చాలావరకు సీసా అడుగున పొడిగా వస్తాయి. నీళ్లు తగిలిన దగ్గర్నుంచి మందు బలం తగ్గడం మొదలవుతుంది, అందుకే కలపకుండా అమ్ముతారు. అంటే ఫార్మసిస్టు చేయాల్సిన పని సగం ఇంట్లో అమ్మ మీదో నాన్న మీదో పడుతుంది. పొరపాట్లు జరిగేదీ అక్కడే.

ముందుగా ఒక మాట. జలుబు, మామూలు దగ్గు, ఫ్లూ జ్వరం వైరస్ వల్ల వస్తాయి. యాంటీబయాటిక్ వాటి మీద పనిచేయదు. చీమిడి పచ్చగా మారినంత మాత్రాన బ్యాక్టీరియా అనుకోనక్కర్లేదు. లేబుల్ మీద నిలువుగా ఎర్ర గీత ఉందంటే అది డాక్టరు రాస్తేనే వాడాల్సిన మందు. మూడు నెలల లోపు పసిబిడ్డకు జ్వరం వస్తే ఇంట్లో ఏ మందూ మొదలుపెట్టకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

1. చీటీనీ సీసానూ పక్కపక్కన పెట్టి చూడండి

మోతాదుకు లెక్క వయసు కాదు, బరువు. చీటీలో మందు పేరు, దాని బలం, పూటకు ఎన్ని మి.లీ., రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు అనే అయిదూ ఉండాలి. ఏది లేకపోయినా అక్కడే అడగండి.

బలం ఎందుకంత ముఖ్యమో చూడండి. అమాక్సిసిలిన్-క్లావులనేట్ సిరప్ 228.5 అనీ, 457 అనీ రెండు రకాలుగా దొరుకుతుంది. 5 మి.లీ.లో మొదటిదానిలో అమాక్సిసిలిన్ 200 మి.గ్రా., రెండోదానిలో 400, మిగతాది క్లావులనేట్. పది కిలోల బిడ్డకు డాక్టరు 228.5 రాసి పూటకు 5 మి.లీ. చొప్పున రెండు పూటలా పట్టమన్నారనుకుందాం. షాపులో అది లేక, ‘అదే మందమ్మా’ అని 457 ఇచ్చారు. మీరు చీటీ ప్రకారం 5 మి.లీ. పట్టారు. మోతాదు రెట్టింపయింది! క్లావులనేట్ పెరిగితే ముందు విరేచనాలు పట్టుకుంటాయి. సీసా మారితే మి.లీ. కూడా మారాలి. ఎంతకు మార్చాలో డాక్టరుకు ఫోన్ చేసి కనుక్కోండి.

2. సీసాలో కలపడం

చేతులు కడుక్కోండి. మూత తీయకుండానే సీసాను అరచేతిలో నాలుగు సార్లు తట్టి, గడ్డకట్టిన పొడిని వదులు చేయండి. డబ్బాలో నీళ్ల ట్యూబు ఉంటే అదే వాడాలి. లేకపోతే కాచి, పూర్తిగా చల్లార్చిన నీళ్లు. గోరువెచ్చనివి కూడా వద్దు, వేడికి మందు చెడుతుంది.

నీళ్లన్నీ ఒకేసారి పోయకండి. సగం పోసి, మూత బిగించి బాగా కుదపండి. నురగ దిగేదాకా ఆగి, లేబుల్ మీద గీత దాకా మిగతావి పోసి మళ్లీ కుదపండి. నురగను చూసి గీత దాకా వచ్చిందనుకుంటే నీళ్లు తక్కువపడి మందు చిక్కనవుతుంది. అడుగున పొడి అంటుకుని ఉండిపోతే మొదటి పూటలు పలచగానూ, చివరి పూటలు ఘాటుగానూ వెళ్తాయి. అందుకే పట్టే ప్రతిసారీ కుదపాల్సిందే.

కలిపిన తేదీ సీసా మీద పెన్నుతో రాయండి. అమాక్సిసిలిన్-క్లావులనేట్‌ను ఫ్రిజ్‌లో పెట్టి ఏడు రోజుల్లో వాడేయాలి. ఫ్రీజర్‌లో వద్దు, తలుపు అర కన్నా లోపలి అర మేలు. అన్ని మందులకూ ఫ్రిజ్ అక్కర్లేదు, గడువూ ఒకటే కాదు. లేబుల్ ఏది చెబితే అది.

3. సీసాల లెక్క

పూటకు 5 మి.లీ., రోజుకు రెండు పూటలు, అయిదు రోజులు. మొత్తం 50 మి.లీ. సీసాలో పట్టేది 30. అంటే మూడో రోజు రాత్రికే అయిపోతుంది. సరిగ్గా అప్పటికే జ్వరమూ తగ్గి ఉంటుంది కాబట్టి, సీసాతోపాటు కోర్సు కూడా అయిపోయిందనుకుంటారు! మొదటి రోజే రెండు సీసాలు కొనండి, రెండోదాన్ని మాత్రం మొదటిది అయ్యాకే కలపండి. రోజులు ఒక్కో జబ్బుకు ఒక్కో రకం. స్ట్రెప్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే గొంతు నొప్పికి అమాక్సిసిలిన్ రాస్తే మామూలుగా పది రోజులు. నొప్పి రెండు మూడు రోజుల్లో పోయినా మిగతా రోజులు వాడమనేది గుండె కవాటాలను దెబ్బతీసే రుమాటిక్ జ్వరం రాకుండా.

4. పట్టడం

వంటింటి చెంచాలు ఏ రెండూ ఒక్క కొలతలో ఉండవు. ఉగ్గుగిన్నె పట్టడానికి బాగుంటుంది గానీ కొలవడానికి కాదు. సూది లేని నోటి సిరంజి అయితే 2.8 మి.లీ. కూడా కచ్చితంగా వస్తుంది.

బిడ్డను పడుకోబెట్టి, ముక్కు మూసి, నోట్లో పోసే అలవాటు మానాలి. గింజుకుంటూ పొలమారితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒళ్లో కూర్చోబెట్టుకుని, సిరంజి కొసను బుగ్గ లోపలి వైపు పెట్టి కొంచెం కొంచెంగా వదలండి. మింగాక మళ్లీ. పాలసీసాలో కలపకండి, పాలు మిగిలితే మందూ మిగులుతుంది. ఏడాది లోపు పిల్లలకు తేనెలో రంగరించి నాకించకూడదు.

అమాక్సిసిలిన్-క్లావులనేట్‌ను పరగడుపున కాకుండా తిండి మొదలుపెడుతూ పడితే కడుపులో తిప్పడం తగ్గుతుంది. రెండు పూటల మందుకు మధ్య సుమారు పన్నెండు గంటలు ఉండాలి.

మందు పట్టిన అరగంటలోపు కక్కితే మామూలుగా మళ్లీ అదే మోతాదు పట్టవచ్చు. అరగంట దాటితే వద్దు. రెండోసారీ కక్కితే డాక్టరుకు చెప్పండి. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు పట్టండి, తర్వాతి పూట దగ్గర పడితే వదిలేయండి. రెండు పూటలది కలిపి ఒకేసారి పట్టకూడదు.

5. ఏం గమనించాలి

పలచని విరేచనాలు మామూలే. ఓఆర్‌ఎస్ పట్టండి, తిండి మాన్పించకండి. విరేచనంలో రక్తం పడినా, మూత్రం తగ్గినా, బిడ్డ మందకొడిగా ఉన్నా వెంటనే చూపించాలి. ఒంటి మీద దద్దుర్లు లేస్తే తర్వాతి పూట ఆపి డాక్టరును అడగండి. పెదాలు, మొహం వాచినా, ఆయాసం వచ్చినా ఫోన్లతో కాలయాపన వద్దు, 108కి చేయండి. పడని మందు పేరును బిడ్డ ఫైలు మొదటి పేజీలో రాసిపెట్టండి.

రెండు రోజులైనా జ్వరం తగ్గకపోతే మళ్లీ చూపించాలి. టైఫాయిడ్ మాత్రం వేరు. సరైన మందు పడినా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పట్టడం మామూలే. ఆ మధ్యలో డాక్టరును మార్చి, మందు మార్చి, ఇంజెక్షన్ వేయించమని పట్టుబట్టే కన్నా, రోజూ ఎంత జ్వరం వస్తోందో కాగితం మీద రాసి అదే డాక్టరుకు చూపించడం మంచిది.

కోర్సు అయ్యాక సీసాలో మిగిలింది చెల్లికో తమ్ముడికో దాచొద్దు. వాళ్ల జబ్బు వేరు, బరువు వేరు, పైగా కలిపిన మందు గడువు ఎలాగూ దాటిపోతుంది. వాడేసిన టీ పొడిలో కలిపి, కవర్లో కట్టి చెత్తలో వేయండి.