ఇమేజ్‌జే పట్టికలో ప్రతి వరుసకూ ఫొటో పేరు: నా అనుభవం

పర్లాకిమిడి దగ్గర మా పొలంలోని చోడి (రాగి) గింజలను స్కాన్ చేసి, ఇమేజ్‌జే అనే ఫొటో కొలతల సాఫ్ట్‌వేర్‌లో మాక్రోతో (కమాండ్లను వరసగా నడిపే చిన్న ప్రోగ్రామ్‌తో) సైజు కొలుస్తున్నాను. పట్టికలో గింజకో వరుస వస్తుంది, ప్రతి వరుసలోనూ ఫొటో పేరు కావాలి; కానీ అది ఆఖరి గింజ వరుసకే పడేది. సాఫ్ట్‌వేర్ మళ్లీ వేశాను, ఎక్సెల్‌లో చేత్తో నింపాను, కుదరలేదు.

చివరికి గింజలను లెక్కపెట్టి కొలిచే అనలైజ్ పార్టికల్స్ కమాండ్ నడిపే ముందే ఎన్‌రిజల్ట్స్ (పట్టికలో అప్పటికున్న వరుసల సంఖ్య) విలువను ఒక వేరియబుల్‌లో దాచాను. ఆ కమాండ్‌లో క్లియర్ అనే ఆప్షన్ తీసేశాను. ఉంటే పాత ఫొటో వరుసలు పోతాయి. కొలత అయ్యాక, దాచిన అంకె నుంచి కొత్త ఎన్‌రిజల్ట్స్‌కు ఒకటి తక్కువ దాకా లూప్ తిప్పి, సెట్‌రిజల్ట్ అనే ఫంక్షన్‌తో ఒక్కో వరుసలో ఫొటో పేరు రాయించాను. లెక్క సున్నా నుంచి కదా: మొదటి ఫొటోలో 42 గింజలుంటే వరుసలు 0 నుంచి 41, రెండోది 42తో మొదలు. లూప్ దాటాక, పట్టికలో మార్పులు కనిపించేలా అప్‌డేట్‌రిజల్ట్స్ పెట్టాను.

నాది ఒక్క రిజల్ట్స్ పట్టికే. రెండు మూడు పట్టికలు తెరిచి పనిచేసేవాళ్లకూ ఇలాగే కుదురుతుందని చెప్పలేను.