స్పానిష్ భాషలో నవల మొదటిసారి చదువుతున్నారా?

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన లావు నవలతో మాత్రం మొదలుపెట్టకండి, నేను అదే చేసి నెలలోపే అటకెక్కించాను. స్పెయిన్ రచయిత మిగెల్ దెలీబెస్ 1950లో రాసిన 'ఎల్ కమీనో' తీసుకోండి. పదకొండేళ్ల దానియెల్‌ని (ఊళ్లో వాడి నిక్‌నేమ్ గుడ్లగూబ) చదువు కోసం పట్నం పంపుతున్నారు, తెల్లారితే ప్రయాణం, ఆ రాత్రి నిద్రపట్టక ఊరంతా గుర్తుచేసుకుంటాడు. ఇంటర్‌కి ఊరొదిలి హైదరాబాద్ హాస్టల్లో పడ్డవాళ్లకి సగం కథ డిక్షనరీ లేకుండానే అర్థమవుతుంది.

పేజీకి ఐదు పదాలే వెతకండి, అర్థం పెన్సిల్‌తో పక్కన తెలుగులోనే రాసుకోండి. పల్లె మాటలు తెలియకపోతే టెన్షన్ వద్దు, దాటేయండి. క్రియలు మాత్రం వదలొద్దు: 'కొమీయా' అంటే తినేవాడు, 'కొమియో' అంటే తిన్నాడు. ఇంగ్లీష్‌లోకి మార్చుకుని తికమకపడటం ఎందుకు, మన తెలుగులో ఆ తేడా ఉండనే ఉంది కదా.