డెలవేర్‌ని టోల్ గేట్ దగ్గరే వదిలేయకుండా చూడాలంటే

న్యూజెర్సీ నుంచి వాషింగ్టన్‌కి కార్లో వెళ్లేవాళ్లని డెలవేర్ చూశారా అని అడగండి, చూశామనాలో లేదనాలో తేల్చుకోలేరు. ఐ-95 హైవే ఆ రాష్ట్రంలో ఉండేది సుమారు 23 మైళ్లే, టోల్ కట్టి కాఫీ తాగేలోపు మేరీల్యాండ్ బోర్డు వచ్చేస్తుంది. "అక్కడేముంది, టోలూ షాపింగూ తప్ప" అన్న పేరు అందుకే వచ్చింది. హైవే మీంచి చూస్తే నిజమే మరి. కాబట్టి రెండు రోజులు తీసి, హైవే దిగి దక్షిణానికి తిరగండి.

ముందు షాపింగ్ సంగతి తేల్చేద్దాం, ఎలాగూ మనసు అటే లాగుతుంది. ఇక్కడ సేల్స్ ట్యాక్స్ లేదు, ట్యాగ్ మీద ఎంత ఉంటే బిల్లూ అంతే. హోటల్ గదికి మాత్రం పన్ను పడుతుంది. మాల్ పక్కనున్న ఊరు పేరు న్యూజెర్సీలో నెవార్క్ లాగే రాస్తారు కానీ, ఇక్కడ "న్యూ ఆర్క్" అని విడదీసి పలకాలి, లేకపోతే బయటివాళ్లని ఇట్టే పట్టేస్తారు.

విల్మింగ్టన్‌కి అరపూట చాలు. 1209, నార్త్ ఆరెంజ్ స్ట్రీట్ ముందు ఒకసారి కారు స్లో చేయండి. ఒక మామూలు చిన్న భవనం, ఫొటో తీసుకునేంత అందం కూడా లేదు, కానీ 2012 నాటికే దాదాపు 2.85 లక్షల కంపెనీలకు కాగితాల మీద అదే అడ్రస్. వ్యాపార తగాదాలను జ్యూరీ లేకుండా జడ్జీలే తేల్చే చాన్సరీ కోర్టు 1792 నుంచీ ఇక్కడ ఉంది, పెద్ద కంపెనీలు ఇక్కడ రిజిస్టర్ కావడానికి అదో ముఖ్య కారణం.

అక్కడి నుంచి న్యూ కాసిల్ దగ్గరే. పాత కోర్టు భవనం గోపురాన్ని చూడండి, దాన్ని కేంద్రంగా పెట్టుకుని 12 మైళ్ల దూరంలో గీసిన వంపే పెన్సిల్వేనియాతో ఉత్తరపు సరిహద్దు. మ్యాపులో డెలవేర్ నెత్తి గుండ్రంగా ఉండేది అందుకే.

ఇప్పుడు రూట్ 1 ఎక్కి కాలువ దాటండి. తీగలతో వేలాడే ఆ పెద్ద వంతెనకి సెనేటర్ విలియం రాత్ పేరు పెట్టారు, మీ రిటైర్మెంట్ ఖాతాల్లో రాత్ ఐఆర్ఏ ఉంటే అది కూడా ఆయన పేరే. కాలువకి ఇవతల బ్యాంకులూ ఆఫీసులూ, అవతల మొక్కజొన్న పొలాలూ కోళ్ల షెడ్లూ. ఎండాకాలం శుక్రవారం సాయంత్రం మాత్రం ఈ రోడ్డు జోలికి పోకండి, బీచ్ జనమంతా దీని మీదే ఉంటారు.

అసలు చూడాల్సింది ఇక ముందుంది, దానికోసం తేదీలు చూసుకునే బయల్దేరాలి. మే, జూన్ నెలల్లో పౌర్ణమికో అమావాస్యకో దగ్గరగా, రాత్రి పోటు సమయానికి స్లాటర్ బీచ్ లాంటి చోటికి వెళ్లండి. గుర్రపు నాడా ఆకారంలో డిప్పలున్న హార్స్‌షూ క్రాబ్‌లు గుడ్లు పెట్టడానికి గుంపులుగా ఒడ్డుకొస్తాయి. పేరుకే పీతలు, చుట్టరికం సాలీళ్లతో, డైనోసార్ల కంటే పాత జాతి. అలల చప్పుడు మధ్యలో డిప్పకి డిప్ప తగిలి టకటకమంటుంటే మొదట కాస్త భయమేస్తుంది, కరవవు, కుట్టవు. వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నదాన్ని చూస్తే రెండు చేతులతో డిప్ప అంచులు పట్టుకుని తిప్పండి. తోక పట్టుకుని మాత్రం ఎత్తొద్దు, తనంతట తాను తిరగబడడానికి దానికున్న ఆధారం ఆ తోకే. తెల్లారాక అదే ఇసుక మీద ఆ గుడ్ల కోసం పక్షులు దిగుతాయి, వాటిలో రెడ్ నాట్‌లు దక్షిణ అమెరికా కొస నుంచి ఆర్కిటిక్‌కి పోతూ మధ్యలో ఆగేవి. దోమల మందు మర్చిపోకండి.

పొద్దున టిఫిన్‌కి, పంది మాంసం తినే అలవాటుంటే, స్క్రాపుల్ అడగండి. మాంసం తునకల్ని మొక్కజొన్న పిండితో ఉడికించి, దిమ్మలా గట్టిపడనిచ్చి, ముక్కలు కోసి పెనం మీద వేయిస్తారు. బాగా ఎర్రగా వేయించమని చెప్పండి, మెత్తగా ఉంటే నాకైతే గొంతు దిగలేదు.

సరి సంవత్సరం నవంబరులో వెళ్తే, ఎన్నికలైన రెండో రోజు గురువారం జార్జ్‌టౌన్‌లో ఆగండి. రిటర్న్ డే అంటారు. గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ ఒకే గుర్రపు బండిలో ఊరేగుతారు, తర్వాత పార్టీల నాయకులు నిజంగానే ఒక గొడ్డలిని ఇసుకలో పూడ్చిపెడతారు. ఓడినాయన మొహం చూడ్డానికైనా వెళ్లొచ్చు.

తిరుగు ప్రయాణానికి మళ్లీ ఐ-95 ఎందుకు? లూయిస్‌లో కారుతో సహా ఫెర్రీ ఎక్కేయండి, సుమారు 85 నిమిషాల్లో న్యూజెర్సీ కేప్ మేలో దింపుతుంది. ఎండాకాలంలో టికెట్ ముందే బుక్ చేసుకోండి, పైకెళ్లి రెయిలింగ్ పక్కన నిలబడండి, అదృష్టం ఉంటే డాల్ఫిన్లు కనిపిస్తాయి.